ఒక్క గుర్తే తీస్తే

"సార్, ఆ వాక్యం తిరిగి పెట్టాల్సిందే!"

మూసుకోబోతున్న లిఫ్టు తలుపుకు బూటుకాలు అడ్డం పెట్టి, కత్తెర విసుగ్గా బయటికి చూశాడు. కత్తెర అన్నది ఆఫీసులో అందరూ చాటుగా పెట్టుకున్న పేరు. ఎవరేం రాసినా సగం కోసి పారేస్తేగాని ఆయనకు అన్నం సయించదు.

ప్రోగ్రాముల్లోని పొరపాట్లు పట్టే పనిముట్టు తయారుచేసే ఆఫీసు అది. ఏది ఎందుకు పొరపాటో వివరణ రాయడం, ఇప్పుడు ఫోన్ చెవిన పెట్టుకుని ఆయన్ని ఆపిన ఆమె పని.

"ఏ వాక్యం తల్లీ? ఈ భవనానికంతా ఉన్నది ఒక్క లిఫ్టు. దీన్ని పట్టుకుని ఎంతసేపు నిలబడను?"

"ప్రోగ్రాములో పక్కపక్కనే పడే అనవసరపు జంట గుర్తుల నియమం సార్. తీస్తే రెండు గుర్తులూ తీయండి, ఒక్కటే తీయకండి అని రాశాను. మీరది కొట్టేసి, 'అనవసరమైన గుర్తు తీసేయండి' అని ఊరుకున్నారు."

"బుర్ర ఉన్నవాడికి ఆ మాత్రం తెలీదా?"

"మా తమ్ముడికి తెలీలేదు సార్."

ఆమె చెవి దగ్గర ఫోన్‌లో తమ్ముడు గయ్యిమన్నాడు. "అంటే నాకు బుర్ర లేదనా? అసలు సంగతి మీ కడుపులో దాచుకుంటే నాకేం కలొస్తుందా?"

వాడు లిఫ్టుల కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాడు. ఈ వివరణే నమ్మి ఒక్క గుర్తే తీశాడు. ఆ సంగతి అక్కతో చెప్పుకుందామని ఈ భవనానికే వచ్చి, తీరా ఆమె మొహం చూసే ధైర్యం చాలక, లిఫ్టులో నేరుగా తొమ్మిదో అంతస్తు క్యాంటీన్‌కు పోయి, అక్కణ్ణుంచి ఫోన్ చేశాడు.

"ఒక్క గుర్తు తీస్తే కొంప మునిగిందా?" అన్నాడు కత్తెర. తలుపు వచ్చి ఆయన బూటును తాకి, వెనక్కి పోయి, మళ్లీ వచ్చింది.

"ఆ రెండూ కలిసి ఉంటే లిఫ్టు ఏ అంతస్తులో ఉందో తలుపు ఎప్పటికప్పుడు చూసుకుంటుంది సార్. రెండూ తీసినా అంతే. ఒక్కటే తీస్తే చూడటం మానేసి, పాత అంకెకు నకలు దగ్గర పెట్టుకుంటుంది. లిఫ్టు వెళ్లిపోయినా ఇక్కడే ఉందనుకుని తెరుచుకుంటుంది."

కత్తెర లిఫ్టులోంచి ముందుకు వంగాడు. "అలాంటిది ఎక్కడైనా నడుస్తోందా?"

ఆమె ఫోన్‌లో అడిగింది. తమ్ముడి గొంతు సన్నబడింది.

"ఒకే ఒక్క భవనంలో అక్కా. ఆ ప్రోగ్రాము పొద్దున్నే పెట్టారు. ఎక్కడో మాకు చెప్పరు, ఆ జట్టు వేరు."

"వెంటనే ఆపించరా!"

"ఉద్యోగం ఊడుతుందే! ముందు మీవాళ్లు ఆ మాట సరిచేస్తే, తప్పు నా ఒక్కడిదే కాదని మా సారుకు చూపిస్తాను."

ఆమె కత్తెర కళ్లలోకి సూటిగా చూసింది. "ఎవరి ప్రాణమైనా పోతే, ఆ కొట్టేసిన వాక్యం మీ మెడకే చుట్టుకుంటుంది సార్."

కత్తెర నుదురు తుడుచుకున్నాడు. తలుపు మళ్లీ వచ్చి బూటును తాకింది.

"పెట్టు తల్లీ. నువ్వు రాసింది రాసినట్టే పెట్టు. ఒక్క అక్షరం ముట్టుకోను."

ఆమె గుండెల మీంచి బరువు దిగింది. "విన్నావా? నేను రెండో అంతస్తులోనే ఉన్నాను, కిందికి రా. ఇద్దరం కలిసి మీ సారుతో మాట్లాడదాం. ఆ లిఫ్టు ఎక్కడుందో కనుక్కుని ఇప్పుడే ఆపిద్దాం."

"బతికించావక్కా! ఇదిగో, వచ్చేస్తున్నా." అడుగుల చప్పుడు వినిపించింది. ఆ వెనకే టింగుమని గంట. "తలుపు కూడా తెరుచుకుంది, ఎక్కుతున్నా."

ఆమె కళ్లెదుట, కత్తెర ఇంకా కాలు అడ్డం పెట్టుకుని లిఫ్టులోనే నిలబడి ఉన్నాడు.