కిందింటి దరువు

టక్. టక టక్.

తూనీగ ఉలిక్కిపడి స్పీకర్ తగ్గించింది. కిందింటి తాతగారు మళ్ళీ కర్రతో తన ఇంటి కప్పును, అంటే ఈమె గది నేలను, పొడుస్తున్నాడు.

"మొదలెట్టాడే!" అంది కంప్యూటర్‌లో వీడియో కాల్‌లో ఉన్న స్నేహితురాలితో.

తూనీగ ఆమె అసలు పేరు కాదు. పగలంతా కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు మార్చి మార్చి "ఇప్పుడు కనిపిస్తోందా?" అని అడగడం ఆమె ఉద్యోగం. సాయంత్రం గదికి వచ్చి యానిమే అనే జపాన్ కార్టూన్ల పాటలను విడదీసి, తిరగేసి, తన గిటార్ కలిపి రీమిక్సులు చేయడం ఆమె ప్రాణం. అదే పిచ్చి ఉన్నవాళ్ళంతా చేరిన ఆన్‌లైన్ గ్రూపులో పెట్టుకున్న పేరు తూనీగ. స్నేహితురాలి పేరు ఉల్లిపాయ. ఏ సిరీస్ చివరి పాట విన్నా కన్నీళ్ళే కాబట్టి గ్రూపంతా కలిసి ఆ పేరు పెట్టేశారు.

"గ్రూపు పోటీ ఆదివారమే. దరువు సంగతేంటి?" అంది ఉల్లిపాయ.

అదే అసలు చిక్కు. ఈసారి పాట, సముద్రం అడుగున ఉత్తరాలు పంచే అమ్మాయి సిరీస్‌ది. షరతు ఏమిటంటే దరువు మెషిన్ కొట్టకూడదు, మనిషే కొట్టాలి. కొట్టినవాళ్ళ అనుమతి తీసుకోవాలి, పేరు వేయాలి.

"నా కుడిచేతికీ ఎడమచేతికీ పడదు కదే, నేనేం కొడతాను? పైగా ఇంటావిడ ముందే చెప్పింది, కిందవాళ్ళు ఒక్క మాటన్నా పెట్టె సర్దుకోవాల్సిందేనని. ఇంత వెలుతురున్న గది నాకు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?"

"ఆయనతో మంచిగా మాట్లాడి చూడు."

"మెట్ల మీద 'బాగున్నారా తాతగారూ' అంటే దున్నపోతు మీద వాన కురిసినట్టే. తల కూడా తిప్పడు. నేనంటే అంత మంట!"

కిందింట్లోకి వాళ్ళు దిగి నెల కాలేదు. ఒక కోడలు కూడా ఉందట గానీ తూనీగకు ఇంకా ఎదురుపడలేదు.

గది మధ్యలో రెండు అంతస్తుల్నీ మోసే లావాటి స్తంభం ఉంది. దాని పక్కనే నేల మీద స్పీకర్. తూనీగ మంచం మీది పరుపు లాగి స్పీకర్ కింద వేసింది. చప్పుడు కిందికి దిగదని ఆమె లెక్క.

టక టక్ టక్! ఈసారి ఇంకా గట్టిగా.

స్పీకర్ కట్టేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. కాసేపు ఆగి, ధన్ ధన్ ధన్!

"హెడ్‌ఫోన్స్‌లో పాట కూడా వినేస్తున్నాడే! మనిషి చెవులా అవి, పాము చెవులు!"

ఇక ఓపిక నశించింది. పరుపు తీసి అవతల పారేసి, స్పీకర్‌ను నేల మీద పెట్టి, పాటను మొదటి నుంచి గట్టిగా పెట్టింది. బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికాయి. "పొడవండి, ఎంత పొడుస్తారో చూస్తాను!"

తాతగారు పొడిచాడు. పాట అయ్యేవరకూ పొడిచాడు. ఆ ఉక్రోషంలో తూనీగ గిటార్ రికార్డు చేయడానికి పెట్టిన మైకు కట్టేయడం మరిచిపోయింది.

తర్వాత ఆ రికార్డింగును చెరిపేయబోతూ ఒకసారి విని, అలాగే ఉండిపోయింది. ఒక్క పోటు కూడా తాళం తప్పలేదు. పాటలో అమ్మాయి నీళ్ళలోకి దూకేచోట కర్ర క్షణం ఆగి, రెండు పోట్లతో అందుకుంది. తూనీగ మళ్ళీ మొదటి నుంచి వింది. వెంటనే ఉల్లిపాయకు పంపింది.

ఉల్లిపాయ ఏడుపు సంగతి చెప్పక్కర్లేదు. "ఎవరే ఈ డ్రమ్మరు?" అంది ముక్కు చీదుకుంటూ.

"మా కిందింటి కోపం."

"అయ్యో! మరి అనుమతి?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అడిగితే గోల చేసేది తనేనని ఒప్పుకున్నట్టు. ఆ మాట ఇంటావిడ దాకా వెళ్తే గది పోతుంది. అడక్కపోతే పాట పోతుంది.

"అడక్కుండా పంపేయ్. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదే. ఆ పాటలో బాగున్నదంతా ఆయనదే."

మర్నాడు సాయంత్రం గుండె చిక్కబట్టుకుని కిందికి దిగింది. బెల్ నొక్కితే మోగలేదు. కిటికీలో లైటు మాత్రం వెలిగి ఆరింది. ఇల్లు బాగుచేయించడం కూడా ఇంటావిడకు చేతకాదని తిట్టుకుంది. అయినా తలుపు తెరుచుకుంది. ఎదురుగా తాతగారు, చేతిలో కర్ర. వెనక, స్తంభానికి వీపు ఆనించి వేసిన కుర్చీ.

"తాతగారూ, పైన గోల చేసేది నేనే. తప్పయిపోయింది."

ఆయన కనుబొమలు ముడిచి ఆమె ముఖంలోకే చూశాడు. కంగారులో తూనీగ గొంతు పెరిగింది.

"కోపంతోనే కొట్టారు గానీ, భలే కొట్టారండీ! మీ పేరు వేస్తాను! దయచేసి ఇంటావిడకి మాత్రం చెప్పకండి!"

ఆయన కర్రతో పైకప్పును చూపించాడు.

"అవునండీ, పైనే! నేనే!" మేడంతా వినిపించేలా అరిచింది.

ఇక లాభం లేదని ఫోన్‌లో పాట పెట్టి ఆయన ముందుకు చాపింది. ఆయన దాన్ని లాక్కుని, రెండు చేతులతో గుండెకు అదుముకుని కళ్ళు మూసుకున్నాడు. గదితో పాటు ఫోన్ కూడా పోయిందనుకుంది తూనీగ.

చేతులు తుడుచుకుంటూ లోపలి నుంచి కోడలు వచ్చింది. తూనీగను చూసి ముఖం విప్పార్చుకుంది.

"పైన పాటలు చేసేది మీరేనా! ఈయన స్తంభానికి ఆనుకుని మీ పాటకు కర్రతో తాళం వేస్తారు. మీరు ఆపినప్పుడల్లా ఇంకా గట్టిగా పొడుస్తారు."

"ఆపినప్పుడా? మోగించినప్పుడు కదండీ?" తూనీగ ఇంకా అరుస్తూనే ఉంది.

కోడలు ఫక్కున నవ్వింది.

"అరిచినా లాభం లేదమ్మా, మా మామయ్యగారికి పుట్టుచెవుడు."