అమ్మ మడిలో వాసన వడ్లు

ఇప్పుడు మా ఊళ్లో వరికి పురుగు పట్టదు. చేలమీద చల్లే ఆర్ఎన్ఏ నీళ్లు పైరులో వాసన పుట్టించే జన్యువును నిద్రపుచ్చుతాయి. వాసన లేని పైరు జాడ పురుగుకు తెలియదు. ఆ నిద్ర విత్తనంలోకి కూడా దిగుతుంది.

అమ్మ మాత్రం దొడ్లో ఒక చిన్న మడిలో వాసన వడ్లను ఆ నీళ్లు తగలకుండా పెంచేది. అమ్మ పోయాక, సంవత్సరీకానికి ఆ అన్నమే పెట్టాలని నాన్న మిగిలిన విత్తనమంతా అక్కడే చల్లాడు.

ఈరోజు ఆ బియ్యమే వండాను. మూత తీస్తే ఉత్త ఆవిరి వచ్చింది.

"అక్కా, ఇది రేషన్ బియ్యమే!" అంది చెల్లి మంగ.

గుమ్మంలో నాన్న ఆగిపోయాడు.

"మడికి మందు కొట్టావా నాన్నా?"

"లేదమ్మా. మందు ట్యాంకు కడిగిన నీళ్లే పోశాను. పారబొయ్యడం ఎందుకని ఎప్పుడూ పాదులకి పోస్తాం గదా. మీ అమ్మ మడికి పురుగు పడతాదేమోనని భయమేసింది."

"విత్తనం ఏమైనా దాచావా?"

నాన్న తల అడ్డంగా ఊపాడు. విస్తరిలో అన్నం వడ్డించాను. నాన్న అమ్మ ఫొటో ముందు కూలబడ్డాడు.

"తెలీక చేశానే, వరాలూ. తినవే."

మంగ ఇంకా గిన్నె మీదకు వంగి వాసన చూస్తూనే ఉంది.