చిట్టి పడక

బావ దగ్గినప్పుడల్లా మేనమామ గుండె దడదడలాడేది.

ఉన్నది ఒకటే రేకుల గది. అందులో అక్క, బావ, వాళ్ల కూతురు చిట్టి, వాళ్లను నమ్ముకుని పొట్ట చేతపట్టుకుని వచ్చిన ఈ మేనమామ. మగాళ్లిద్దరిదీ బండలు కోసే పని. కోత మిషన్ ఆగేసరికి కనురెప్పలతో సహా రాతి దుమ్ముతో తెల్లబడిపోయి ఇల్లు చేరేవాళ్లు. మేనమామ చూడ్డానికి ఎద్దులా ఉంటాడు గానీ, ఆకు కదిలినా ఉలిక్కిపడే రకం. పని దగ్గర అందరూ పిరికిగొడ్డు అని పిలిచేవాళ్లు.

అలాంటివాడి చెవిన ఆ కబురు పడింది. టీబీ పరీక్షల బండి వస్తోందట. జబ్బుందని తేలితే పని పోతుందట. గది ఖాళీ చేయించి, ఇంటిల్లిపాదినీ వచ్చిన దారినే పంపేస్తారట. ఎవరన్నారో ఎవరికీ తెలీదు. కానీ అందరూ నమ్మారు. పరాయిచోట బతికేవాళ్లకు పుకారే చట్టం మరి!

"బావా, నీ దగ్గు వాళ్ల చెవిన పడిందా, మన కొంప మునిగినట్టే!"

"దుమ్ము దగ్గురా బామ్మర్దీ. నువ్వు భయపడి నన్ను చంపకు."

ఆ పూటే చిట్టి పడక మారింది. అంతవరకూ నాన్న పొట్టమీద నిద్రపోయే పిల్లను మేనమామ తన చాపమీదికి తెచ్చుకున్నాడు. బావ వైపు వీపు పెట్టి, పిల్ల ముఖాన్ని గుండెకు అదుముకుని పడుకునేవాడు. నాన్న కావాలని ఏడిస్తే, తనే గుర్రమై వంగి గదంతా తిప్పేవాడు. బావ దూరంగా కూర్చుని చూస్తూ ఉండేవాడు, పాపం.

"పిరికోడైతేనేం, నా బిడ్డకు వీడే అండ," అని అక్క కళ్లొత్తుకుంది.

బండి రానే వచ్చింది. అందులోంచి దిగిన నర్సమ్మ వీళ్ల భాషే మాట్లాడింది. ఆమె తల్లిదండ్రులూ ఒకప్పుడు ఇలాగే మూటాముల్లే సర్దుకుని వచ్చినవాళ్లేనట.

"జబ్బుంటే మందులిస్తాం. ఎవర్నీ ఎక్కడికీ పంపించం. నా మాట నమ్మండి," అంది.

వినడానికి బాగానే ఉంది. నమ్మడానికే ధైర్యం చాల్లేదు. సరిగ్గా అప్పుడే బావకు దగ్గొచ్చింది. చచ్చాంరా దేవుడా అనుకున్నాడు మేనమామ.

నర్సమ్మ చిన్న డబ్బామీద బావ పేరు రాసిచ్చింది. "పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, లోపల్నుంచి దగ్గి ఇందులో ఉమ్మాలి. ఉత్త ఎంగిలి పనికిరాదు, కళ్లె పడాలి." తర్వాత మేనమామ వైపు తిరిగింది. "మరి నీ సంగతి?"

"నాకేంటమ్మా, గుండ్రాయిలా ఉన్నాను. కాస్త గొంతు గరగర. బండలు కోసేవాడికి అది లేకపోతేనే వింత."

తెల్లారగానే బావా బామ్మర్దులిద్దరూ డబ్బా పట్టుకుని గది వెనక్కి వెళ్లారు. చాలాసేపు గుసగుసలాడుకున్నారు. బండి దగ్గరికి మాత్రం మేనమామే తీసుకెళ్లాడు.

"లోపల్నుంచి దగ్గి ఉమ్మిందేనా?" అంది నర్సమ్మ.

"లోపల్నుంచేనమ్మా."

ఆ మాట మాత్రం నిజమే.

ఆ తర్వాత బండి చప్పుడు వినబడితే చాలు, అతని పైప్రాణాలు పైనే పోయేవి. పనిలో మనసు నిలిచేది కాదు. ఇంటికి రాగానే చిట్టిని చంకనేసుకుంటే తప్ప కుదుటపడేవాడు కాదు. ఏమైనా సరే, ఈ పిల్లను మాత్రం ఆ దగ్గు దరిదాపులకు పోనివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

నాలుగు రోజులకు నర్సమ్మ గదికి వచ్చింది. లోపలికొచ్చి తలుపు వేసింది.

"టీబీ ఉంది," అంది బావతో, మెల్లగా. "కంగారుపడకండి, మందులు మానకుండా వాడితే నయమైపోతుంది. మీ పని జోలికీ గది జోలికీ ఎవరూ రారు, నాదీ పూచీ. కానీ పక్కన పడుకునే పసిబిడ్డకు వెంటనే పరీక్ష చేయాలి. పాప ఎవరి దగ్గర పడుకుంటోంది?"

"వీడి దగ్గరమ్మా!" అక్క తమ్ముడికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "ముందే కనిపెట్టి నా బిడ్డను కాపాడాడు."

బావ లేచొచ్చి చిట్టి కోసం చేతులు చాచాడు.

"పిల్లను ఇటివ్వరా."

"నువ్వు ముట్టుకోకు!" అక్క కేక పెట్టింది.

బావ చేతులు దించలేదు. మేనమామ మెడ కావలించుకున్న చిట్టి అతని ముఖంలో ముఖం పెట్టి, "మావా, గుర్రం," అంది.

బావ పేరున్న ఆ డబ్బాలో, ఆ పొద్దున, లోపల్నుంచి దగ్గి ఉమ్మింది మేనమామే.