పరాకు మేస్టారు

"వానెక్కడ పడుతోందమ్మాయ్?" అన్నాడు మామయ్య, టీవీ వైపు వేలు చూపిస్తూ.

కోడలు కుట్టుమిషను ఆపేసింది. నాలుగు నెలల్లో ఆయన తనంతట తాను నోరు విప్పడం అదే మొదటిసారి.

ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఆయన గొంతెత్తితే ఆఖరి సీట్లో కునుకు తీస్తున్నవాడు కూడా ఉలిక్కిపడి టికెట్టు తీసుకోవాల్సిందే. అలాంటి మనిషికి ఒక మాయదారి జ్వరంలో రెండు చెవులూ పోయాయి. డాక్టర్లు ఇచ్చిన చెవి యంత్రాలూ పనిచేయలేదు.

మొదట్లో కోడలు పలక మీద రాసి చూపిస్తే జవాబు చెప్పేవాడు. తర్వాత తలూపేవాడు. చలికాలం వచ్చి వీధి మొగం చూడటం కూడా మానేశాక, గోడవైపు తిరిగి పడుకోవడమే పనైంది. ఈ మనిషి ఇలాగే మాట మరిచిపోతాడేమోనని కోడలికి బెంగ పట్టుకుంది.

ఆ బెంగలోనే ఫోనులో అదీ ఇదీ వెతుకుతుంటే ఒక పాత సీరియల్ కంటబడింది. ఒకప్పుడు మామయ్య డ్యూటీ మార్చుకుని మరీ చూసిన సీరియల్ అది. ఎవరో పెద్దాయన తన దగ్గరున్న వీడియో టేపుల్లోంచి తీసి ఒక్కో భాగం నెట్‌లో పెడుతున్నాడు.

టీవీలో వేసి చూపిస్తే మామయ్య పది నిమిషాలు చూసి గోడవైపు తిరిగాడు. బొమ్మలు కదులుతున్నాయి గానీ మాటలు తెలియడం లేదు కదా.

కోడలు ఆ పెద్దాయనకు రాసింది. "మా మామయ్యకు వినపడదండీ. మాటలు కింద అక్షరాల్లో వేయడం కుదురుతుందా?"

"ఒక్క వారం టైమివ్వండమ్మా" అని జవాబొచ్చింది.

అన్నట్టే వారానికల్లా పన్నెండు భాగాలు అక్షరాలతో వచ్చాయి. మామా కోడలూ కిటికీలు బిగించి, ఆయన దుప్పటి కప్పుకుని, తను మిషను కుట్టుకుంటూ వరసపెట్టి చూడటం మొదలుపెట్టారు. పెద్దాయన మాటలే కాదు, చప్పుళ్లు కూడా రాశాడు. 'తలుపు కిర్రుమంది.' 'ఎవరో చెప్పులు ఈడుస్తూ వస్తున్నారు.' 'దూరంగా రైలు కూత.'

మూడో భాగంలో వచ్చింది తంటా. తెర మీద హీరోయిన్ వాళ్లమ్మ బాణలిలో ఏదో వేయిస్తోంది. కిందేమో 'వాన జోరుగా పడుతోంది' అని ఉంది. మామయ్య నోరు విప్పింది అక్కడే.

"పొయ్యి ముందు నిలబడి గరిటె తిప్పుతుంటే వానంటాడేంటి? పక్కన ఇంకేదో పని చేసుకుంటూ రాస్తున్నాడు. పరాకు మేస్టారు. తప్పని రాయమ్మాయ్."

కోడలు చేతిలో బట్ట పక్కన పడేసి సంబరంగా టైపు చేసింది.

సాయంత్రానికి జవాబు. "పొరపాటేనండీ, దిద్దుతాను. ఆవిడ ఒక్కతే ఉందా? పక్కన ఇంకేం కనిపిస్తోంది?"

పలక మీద చదివి మామయ్య నవ్వేశాడు. "టేపు తన దగ్గర పెట్టుకుని మనల్ని అడుగుతాడేంటి? సరే, రాసుకో." అని మొదలుపెట్టి గోడ రంగు దగ్గర్నుంచి అటక మీది సామాన్ల దాకా పావుగంట చెప్పాడు.

అది అలవాటైపోయింది. రోజుకు రెండు మూడు భాగాలొచ్చేవి. ఒకసారి గుడి గోపురంలాంటి ఎత్తైన మేడ మీంచి పావురాలు లేస్తుంటే 'అందరూ చప్పట్లు కొట్టారు' అని రాశాడు. మామయ్య పొట్ట పట్టుకుని నవ్వి, ఎన్ని పావురాలో, ఎటు ఎగిరాయో వివరంగా చెప్పి రాయించాడు. పరాకు మేస్టారు ఎంత చెప్పినా ఇంకా ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవాడు.

మెల్లగా మామయ్య మాట ఇల్లంతా పాకింది. టీలో చక్కెర తగ్గిందనడం, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లతో "పలక మీద రాసి మాట్లాడండి, టికెట్టు అక్కర్లేదు" అనడం మామూలైంది. కోడలికి ప్రాణం లేచొచ్చింది.

చలి వెనకబట్టే రోజులకు సీరియల్ ఎనభై నాలుగో భాగానికి చేరింది. అదే ఆఖరిది. అందులో చివరి పది నిమిషాలకు అక్షరాలు లేవు.

"కొసకొచ్చాక ఈ బద్ధకమేంటో అడుగు" అన్నాడు మామయ్య.

అడిగింది. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఐదో రోజు జవాబొచ్చింది.

"నేను ఆయన భార్యనండీ. ఆ భాగం రాస్తూ రాస్తూనే పోయారు. అయినంతవరకు నేనే పెట్టాను. మిగిలిన పది నిమిషాలూ రాసి పెడతాను, ఆలస్యమైందని ఏమీ అనుకోకండి."

మామయ్య పలక చదివి పక్కన పెట్టాడు. మళ్లీ గోడవైపు తిరుగుతాడేమోనని కోడలు భయపడింది.

తిరగలేదు. "రాయమ్మా," అన్నాడు. "నాకు మాట తెచ్చిపెట్టిన మనిషిని రోజూ తప్పులెన్ని సతాయించాను. క్షమించమన్నానని రాయి. దండం పెట్టానని కూడా రాయి."

గంటలోపే ఆవిడ జవాబిచ్చింది.

"ఎంత మాటండీ. పగలు నేను ఉద్యోగానికి వెళ్తే ఆయన ఒక్కరే కూర్చుని రాసేవారు. సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విడవకముందే, మీ మామయ్యగారు ఇవాళ ఏం తప్పు పట్టారో చదివి వినిపించమని తొందరపెట్టేవారు. చూపు పోయిన ఈ పదకొండేళ్లలో మా ఆయన కళ్లారా ఏదైనా చూశారంటే, అది ఈ చలికాలమేనండీ."