పడవ లేని నవల

“ముసలి పడవవాడు తన పడవను తానే తగలబెట్టుకుంటాడు చూడు, అక్కడ నీకేమనిపించింది రసజ్ఞా?” అని అడిగింది కెజియా.

ల్యాప్‌టాప్ తెర మీద నాలుగు గడులు, నాలుగు మొహాలు. ఒకప్పుడు ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో పనిచేసినవాళ్లు. ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆన్‌లైన్‌లో కలిసి ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటారు. పుస్తకం ఎంచేదీ, అందరికీ గుర్తు చేసేదీ, క్లబ్బు నడిపేదీ కెజియాయే.

ప్రశాంతి తల ఊపుతూ వింటోంది. కిరణ్ పాల్ చూపులు కిందికి ఉన్నాయి. ఎవరూ పలకలేదు. చివరికి రసజ్ఞే నోరు విప్పింది.

“ఆడ ఏడుపొచ్చిందక్కా. పాపం, ఆయన బతుకే ఆ పడవ గదా.”

కెజియా చేతిలోని పుస్తకం మూసి పక్కన పెట్టింది.

“ఈ నవల్లో పడవ లేదు. పడవవాడూ లేడు. కథంతా చేనేత ఊళ్లో నడుస్తుంది. ఆ ఊరి దరిదాపుల్లో ఏరు కూడా లేదు. నువ్వు చదివావో లేదో తెలుసుకుందామని అడిగాను.”

రసజ్ఞ మొహం పాలిపోయింది.

“పోయిన వారం నువ్వు చెప్పిందీ ఎక్కడో ఎత్తి రాసుకొచ్చిందే. ‘మానవ సంబంధాల లోతుల్ని ఆవిష్కరించిన రచన’ అన్నావు. మామూలుగా మనం అలా మాట్లాడుకుంటామా? చదవకపోతే చదవలేదని చెప్పు. మేమంతా ఉద్యోగాలు చేసుకుంటూనే చదివొస్తున్నాం. నువ్వు మమ్మల్ని వెర్రివాళ్లని చేస్తున్నావు.”

“ఇక ఊరుకో కెజియా,” అంది ప్రశాంతి మెల్లగా.

“ఎందుకు ఊరుకోవాలి? చదివేవాళ్లే ఉందాం. చదవనివాళ్లు రాకపోతే ఏం నష్టం లేదు.”

“సారీ అక్కా,” అంది రసజ్ఞ. ఆమె గడి మాయమైంది. ఇంకో నిమిషానికి కిరణ్ పాల్ ఎవరో ఫోన్ చేస్తున్నారని వెళ్లిపోయాడు. ప్రశాంతి ఏమీ చెప్పకుండానే వెళ్లింది. తెర నిండా కెజియా మొహం ఒక్కటే మిగిలింది. వాళ్లు తనను మెచ్చుకుంటారనుకుంది గానీ, ఇలా వెళ్లిపోతారనుకోలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో ఫోన్ చూసుకుంటే, రసజ్ఞ క్లబ్బు వాట్సాప్ గ్రూపులోంచి తప్పుకున్నట్టు కనిపించింది. ‘సారీ అక్కా’ అన్న ఆ చిన్న గొంతు రెండు రోజులుగా చెవిలోనే ఉంది. క్షమించమని మెసేజ్ రాసింది, చెరిపేసింది. మళ్లీ రాసి మళ్లీ చెరిపేసింది. నలుగురిలో అన్న మాటకు ఫోన్‌లో నాలుగు అక్షరాలు చాలవనిపించింది.

బుధవారం ఆఫీసు నుంచి పెందలాడే బయలుదేరి హఫీజ్‌పేట్ వెళ్లింది. రసజ్ఞ ఉండేది రైల్వేస్టేషన్ వెనక వీధిలో, రెండో అంతస్తు. తలుపు తీసిన రసజ్ఞ ఆశ్చర్యపోయింది గానీ కోపంగా లేదు. “రా అక్కా, కూసో,” అని నీళ్లు తెచ్చిచ్చి, చిక్కుడుకాయల పళ్లెం ముందేసుకుని ఎదురుగా కూర్చుంది.

కెజియా గ్లాసు ముట్టుకోలేదు. “నిన్ను అందరి ముందూ పట్టివ్వాలనే ఆ ప్రశ్న తయారు చేసుకున్నాను. శనివారమంతా అదే ఆలోచించాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగా ఉంది. నన్ను క్షమించు.”

“ఇడిసెయ్ అక్కా. నేను చదవకపోయింది నిజమే గదా. షిఫ్ట్ చేసొచ్చేసరికి కండ్లు మూతలు పడతయ్. ఏడాది సంది ఒక్క పుస్తకం గూడ తెరవలే.”

“అయితే తెలియదంటే పోయేదిగా. లేని పడవ గురించి ఎందుకు చెప్పావు?”

“నువ్వు అంత ఆశతోటి అడిగినవ్. ఎవ్వరు మాట్లాడుత లేరు. నీ మొహం చిన్నగైతదని ఏదో ఒకటి అన్న.”

“ప్రశాంతి ఉందిగా, కిరణ్ పాల్ ఉన్నాడుగా. వాళ్లు చెప్పేవాళ్లు.”

రసజ్ఞ చిక్కుడుకాయ ఈనె తీస్తూ తల ఎత్తలేదు. “మరి ఈ నవల్ల పడవ యాడుందని వాళ్లు నిన్ను అడగలే గదక్కా.”

కెజియాకి ప్రశాంతి తల ఊపడం కళ్లముందు మెదిలింది.

“వాళ్లూ చదవలేదా?”

“చదువుడు ఎప్పుడో బంద్ జేసినం. శనివారం ముగ్గురం ఫోన్ల మాట్లాడుకొని, ఎవరేం చెప్పాల్నో పంచుకుంటం. ప్రశాంతక్క నెట్‌ల చూసి రాసి పంపుతది. ఈసారి నాకొచ్చింది రెండే ముక్కలు. పడవ సంగతి అందుల లేకుండె.”

కెజియాకి ఇందాకటి పశ్చాత్తాపం కాస్తా కోపంలోకి తిరిగింది. “ఇంతకాలం నన్ను ఆడించారన్నమాట. మీకోసం పుస్తకాలు వెతికి, ప్రశ్నలు రాసుకుని, ఒక్క ఆదివారం కూడా ఎక్కడికీ వెళ్లకుండా కూర్చున్నాను. ఆపేద్దామని ఒక్కరైనా చెప్పలేకపోయారా? ఎవరూ చదవని ఈ క్లబ్బు ఎవరికోసం?”

రసజ్ఞ పళ్లెం పక్కకి జరిపింది. కెజియా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

“బావను సమాధి చేసొచ్చినంక, ఆదివారం పొద్దుగూకితే ఇంట్ల ఉండలేకపోతున్న అని ఏడిస్తివి గదక్కా, గప్పుడు ఆ ఒక్క గంటన్న నిన్ను ఒక్కదాన్నే ఉంచొద్దని మేం ముగ్గురం అనుకున్నం.”