ముప్పై చుక్కలు

"ఆ సీసా వద్దమ్మా."

హరిణికి ఒళ్ళు మండింది. మళ్ళీ ఈయనే.

కుందలహళ్ళిలో వాళ్ళ ఆఫీసు ఎదురుగా ఒక కాంప్లెక్సు ఉంది. అందులో ఆయుర్వేద మందుల షాపు. దాని గుమ్మం పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని నెల రోజులుగా ఈ ముసలాయన కూర్చుంటున్నాడు. ఆకుపచ్చ సీసా పట్టుకుని ఎవరు బయటికొచ్చినా ఇదే మాట.

సీసాలో ఉన్నది గంజాయి ఆకు తైలం. సీబీడీ డ్రాప్స్ అంటే ఆఫీసులో అందరికీ తెలుసు. మత్తు ఎక్కదు, ఆకలి వెయ్యదు, ఒళ్ళు తగ్గుతుంది అని పెట్టె మీదే వేశారు.

హరిణికిది మూడో సీసా.

"రోజుకు ఎన్ని చుక్కలు ఏసుకుంటాండావు తల్లీ?"

"ముప్పై. అయితే మీకేంటి?"

పెట్టె మీద పది అనే ఉంది. పది పనిచేస్తే ముప్పై ఇంకా తొందరగా పనిచెయ్యదా అనేది ఆవిడ తెలివి. ఆకు పసరే కదా, ఏం చేస్తుంది?

ముసలాయన స్టూలు మీంచి చటుక్కున లేచాడు.

"ముప్పయ్యా! ఇది మోకాళ్ళ నొప్పుల మందమ్మా. ఒళ్ళు తగ్గేదానికి కాదు. మోతాదు మించితే లివరు చెడుతుంది."

లివరు అనగానే హరిణి గుండె గతుక్కుమంది.

తమ్ముడు హేమంత్ ఆసుపత్రిలో ఉన్నాడు. కళ్ళు పసుపుపచ్చ. అక్క లివర్లో కొంత కోసి ఇస్తే బతుకుతాడు. పరీక్షల్లో అన్నీ కలిశాయి గానీ, "మీ లివర్‌కి కొవ్వు పట్టిందమ్మా. ఆరు వారాల్లో ఏడు కిలోలు తగ్గితేనే ఆపరేషన్" అన్నారు డాక్టర్ మోహన్‌కుమార్.

అయిదు వారాలు గడిచాయి. అయిదున్నర కిలోలు తగ్గింది. కూర్చుంటే కాలు నిలవదు, నిలబడితే మనసు నిలవదు. లిఫ్టు వచ్చేదాకా ఆగలేక ఎనిమిది అంతస్తులు మెట్లెక్కేస్తోంది. రోజుకు నాలుగుసార్లు తూకం చూసుకుంటోంది.

"మా తమ్ముడికి లివర్ ఇవ్వాలి నేను. ఒళ్ళు తగ్గకపోతే వాడు దక్కడు. తెలుసా మీకు?"

ముసలాయన మొహం పాలిపోయింది.

"లివరు ఇచ్చేది ఉండాదా?"

"మీరు డాక్టరా?"

"కాదమ్మా."

"అయితే తప్పుకోండి."

తప్పుకోలేదు. సంచిలోంచి మడత పెట్టిన చీటీ ఒకటి తీసి ఆమె చేతిలో కుక్కాడు.

"ఈ పొద్దే మానెయ్. ఇది మీ డాక్టరుకు చూపించు. నీ కాళ్ళు పట్టుకుంటా తల్లీ."

అన్నంత పనీ చెయ్యబోయాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. హరిణికి తల కొట్టేసినట్టయింది. చీటీని ఉండ చుట్టి, ఆయన కళ్ళముందే చెత్తబుట్టలో పడేసింది.

"సెక్యూరిటీ! ఈయన రోజూ ఆడవాళ్ళకి అడ్డం పడుతున్నాడు. ఇంకోసారి ఇక్కడ కనిపించకూడదు."

గార్డు ఆయన రెక్క పట్టుకుని గేటు దాకా నడిపించాడు. మర్నాడు గుమ్మం పక్కన స్టూలు లేదు. హమ్మయ్య అనుకుంది హరిణి.

ఆరో వారం ఆఖరి రోజు ముల్లు సరిగ్గా ఏడు కిలోలు కిందికి దిగింది.

"ఒరేయ్ హేమంత్, సాధించాన్రా!"

"ఇంక బిర్యానీ తినక్కా. నీ ఆకలి చూడలేక చస్తున్నా" అని నవ్వాడు తమ్ముడు ఫోన్లో. నవ్వడానికి కూడా వాడికి ఆయాసమే.

మర్నాడు ఆసుపత్రిలో ఆమె బ్లడ్ రిపోర్టును డాక్టర్ రెండుసార్లు చూశారు.

"మందులేమైనా వాడుతున్నారా?"

"లేదండీ."

"ఫారంలోనూ 'ఏమీ లేవు' అనే రాశారు. మరి లివర్ ఇలా ఎందుకు దెబ్బతింది?"

హరిణి బ్యాగు తెరిచింది.

"మందులు కాదు డాక్టర్... డ్రాప్స్. ఆయుర్వేదమే."

సీసా బల్ల మీద పెట్టింది. డాక్టర్ దాన్ని తిప్పి తిప్పి చూశారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మానేస్తే కోలుకుంటుంది. ఎన్నాళ్ళకో చెప్పాలంటే ఇందులో ఏమేం కలిపారో, ఎంతెంత కలిపారో తెలియాలి. లేబుల్ మీద ఆ వివరం లేదు."

"హేమంత్ ఎన్నాళ్ళు ఆగగలడు?"

"మూడు వారాలు. అదీ కష్టమే. ఈ మందు తయారుచేసినాయన్ని పట్టుకోండి. ఇవాళే."

లేబుల్ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక పేరుంది. వైద్య తిమ్మరాయప్ప.

కంపెనీ నంబరు మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. హరిణి ఆటో ఎక్కి కుందలహళ్ళికి బయల్దేరింది. సిగ్నల్ దగ్గర ఆటో ఆగితే దిగి పరుగెత్తింది. మందుల షాపులో, షాపు నడిపే బసవరాజు సీసాలు సర్దుతున్నాడు.

"ఈ తిమ్మరాయప్ప ఎక్కడుంటాడు? నాకాయన కావాలి. ఇప్పుడే కావాలి."

బసవరాజు ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఎక్కడుంటాడో నాకూ తెలీదు మేడం. ఫోనూ లేదు. నొప్పులకని ఆయన మందు చేసిస్తే, కంపెనీవాళ్ళు ఒళ్ళు తగ్గేదానికని పెట్టె మార్చేసినారు. ఆ పాపం తనకు తగులుతుందని ఒకటే బాధపడేవాడు. ఎవరైనా అడిగితే ఇచ్చేదానికి, ఏమేమి కలిసుండాదో చీటీలు రాసి సంచిలో పెట్టుకుని తిరిగేవాడు."

హరిణి ఒక అడుగు ముందుకు వేసింది.

"తిరిగేవాడంటే... ఎక్కడ?"

బసవరాజు గుమ్మం పక్కన ఖాళీ జాగా వైపు చూశాడు.

"ఈడనే మేడం, ఆ పొద్దు మీరు సెక్యూరిటీని పిలిచి పంపించేసినారే, ఆయనే."