సోమవారం మొండికేసే కారు

పెదపాడు దాటి పట్టుమని రెండు కిలోమీటర్లు పోలేదు, కారు దగ్గింది. ఇంకోసారి దగ్గింది. చేపల చెరువు గట్టు పక్కన నిలబడిపోయింది.

ఎలీయాజరు మాస్టారు స్టీరింగు మీద నుదురు ఆన్చారు. వెనక సీట్లో కూతురు మెర్సీ తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. కాళ్ళు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. పంతొమ్మిదేళ్ళ పిల్ల. రెండు కిడ్నీలూ పనిచెయ్యడం మానేసి ఏడాది దాటింది.

"టైమెంతయిందండీ?" అడిగింది భార్య దేవకుమారి.

"ఆరూ నలభై."

ఏలూరు ఆస్పత్రిలో సోమ, గురువారాలు డయాలసిస్. బెడ్డు ఏడింటికి. పావుగంట ఆలస్యమైతే తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తారు. వాళ్ళనీ తప్పు పట్టలేం. తర్వాతివాళ్ళకీ కిడ్నీలు పనిచెయ్యవు కదా.

ఆటోలో వెళ్దామంటే, తెల్లారేసరికి ఆ ఊళ్ళ ఆటోలన్నీ చేపల పట్టుబడికి మనుషుల్ని ఎక్కించుకుపోతాయి. బస్సులో మెర్సీ నిలబడలేదు. అందుకే మాస్టారు ఇరవై రెండేళ్ళ పాత కారు కొన్నారు. ఎనిమిది నెలలు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు దారిలో పెట్రోలు పంపు పోయింది. కొత్తది వేయించారు. అయినా ఆగడం మానలేదు.

యంత్రాలకి వారాలూ వర్జ్యాలూ ఉండవంటారు. ఈ కారుకి ఉన్నాయి. గురువారం బుద్ధిగా వెళ్ళి బుద్ధిగా వస్తుంది. సోమవారం మొండికేస్తుంది.

ఆ రోజు బెడ్డు పోయింది. మధ్యాహ్నం ఎవరో రాకపోతే వాళ్ళ బెడ్డు ఇచ్చి, నాలుగు గంటలు చెయ్యాల్సింది రెండు గంటలు చేసి పంపేశారు. డాక్టరమ్మ మాస్టారిని పక్కకి పిలిచారు.

"ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందండీ. వచ్చే సోమవారం కూడా ఇలాగే చేస్తే, ఇంక నేను చెయ్యగలిగిందేమీ ఉండదు."

మెకానిక్ వెంకట్రాజు కారుని షెడ్డుకి లాక్కెళ్ళాడు. ట్యాంకులోది ఒక సీసాలోకి వంపి మాస్టారికి చూపించాడు. పైన పెట్రోలు, అడుగున నీళ్ళు.

"మళ్ళీ అవేనండి మాస్టారూ. ఫిల్టరు మార్చాను. ట్యాంకు దింపి కడిగాను. పైపులన్నీ కొత్తవేశాను. బంకు కూడా మార్పించాను కదండీ. నాకొక్కటే అనుమానం, చెప్పమంటారా?"

"చెప్పవయ్యా."

"ఎవరో పోస్తున్నారండి."

ముప్పై ఏళ్ళు పిల్లలకి ఎక్కాలు చెప్పినవాడి మీద ఇంత పగ ఎవరికి? మాస్టారు ఏడో ఎక్కం దగ్గర కొట్టిన దెబ్బలన్నీ గుర్తు చేసుకున్నారు. చావు కోరేంత దెబ్బ ఒక్కటీ గుర్తు రాలేదు.

వెంకట్రాజు ట్యాంకు మూతకి తాళం బిగించాడు. "ఇంక ఆగిందంటే నేను షెడ్డు మూసేసి చేపలు పట్టుకుంటానండి" అన్నాడు.

మాస్టారు ఇంటికొచ్చి నీళ్ళ సంగతి భార్యకి చెప్పలేదు. అసలే బెంగతో సగమైపోయింది. ఎవరో పగబట్టారని తెలిస్తే ఆ ఉన్న సగమూ మిగలదు. ట్యాంకులో చెత్త చేరితే తీసేశాడన్నారు. తాళంచెవి మాత్రం ఆమె చేతిలో పెట్టారు.

"నీ దగ్గరే ఉంచు. ఎవరడిగినా ఇవ్వకు."

"ఎందుకండీ?"

"పెట్రోలు దొంగలు తిరుగుతున్నారట."

ఆమె తాళంచెవిని బైబిలు సంచిలో వేసి జిప్పు లాగింది.

"మన పిల్లతో పాటు ఆ కారు కోసం కూడా కాస్త ప్రార్థన చెయ్యి" అని నవ్వబోయారు మాస్టారు. నవ్వు రాలేదు.

"మొదటిసారి ఆగిన కాణ్ణించీ చేస్తానే ఉన్నానండి. నాకింకేం తెలుసు?" అంది దేవకుమారి.

గురువారం కారు ఎక్కడా ఆగలేదు. మెర్సీ వచ్చి రెండు ముద్దలు తింది కూడా. శుక్రవారం దేవకుమారి ఎప్పటిలా బస్సెక్కి తాడేపల్లిగూడెంలో ఉపవాస ప్రార్థనకి వెళ్ళొచ్చింది. శనివారం మెర్సీకి మళ్ళీ ఆయాసం మొదలైంది. పడుకుంటే ఊపిరి అందడం లేదు. రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చుంది.

"రేపు కారు ఆగదు కదా నాన్నా?" అంది ఆదివారం సాయంత్రం.

"ఆగదమ్మా."

మాస్టారికి కూతురితో అబద్ధమాడే అలవాటు లేదు. ఇది అబద్ధమో కాదో ఆయనకే తెలియలేదు. బయటికొచ్చి కారు స్టార్టు చేశారు. ఒక్క తిప్పుకే అందుకుంది. ఊరి చివరిదాకా పోయి వెనక్కి వచ్చారు. ఎక్కడా దగ్గలేదు. ట్యాంకు మూత పట్టుకుని లాగి చూశారు. తాళం గట్టిగానే ఉంది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆయన గుండె కాస్త కుదుటపడింది. లోపలికెళ్ళి కూతురి పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ఆయన అటు వెళ్ళగానే దేవకుమారి మూత తాళం తీసి, ప్రతి ఆదివారం పోసే అరగ్లాసు చాలడం లేదేమోనని, ఈసారి ఉపవాస ప్రార్థనలో పాస్టరుగారు చెయ్యిపెట్టి ప్రార్థించి ఇచ్చిన నీళ్ళు సీసాడూ, ఒక్క చుక్క కింద పడనివ్వకుండా కారుకి పట్టించింది.